ఆర్నెల్లు పనిచేస్తే డబ్బులిస్తారా?

"ఇంటర్న్‌షిప్ అంటున్నావే, ఆర్నెల్లు పనిచేస్తే యేమన్నా ఇస్తారా అబ్బయా?"

నెల్లూరు జిల్లాలో విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు బీకాం, బీబీఏ చివరి ఏడాది చదివే పిల్లలున్న ఇంట్లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు కంపెనీ మంచితనం మీద కన్నా, చేరేటప్పుడు ఏ కాగితం మీద సంతకం పెట్టారన్న దానిమీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ముందు మన రాష్ట్రం సంగతి. 2020-21లో డిగ్రీ చేరినవాళ్లతో మొదలుపెట్టి, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి మూడేళ్ల చదువులో పది నెలల పని అనుభవాన్ని తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు ఊళ్లలో సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు చిన్న ఇంటర్న్‌షిప్, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం, అంటే ఆరు నెలలు, పెద్ద ఇంటర్న్‌షిప్. నెల్లూరు జిల్లాలో ఇది విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కింది కాలేజీలకు వర్తిస్తుంది. ఆలోచన మంచిది. అయితే ఇందులో పనికాలం తప్పనిసరి అయిందే తప్ప, పనికి డబ్బు తప్పనిసరి కాలేదు.

ఆ లోటు వల్ల ఏం జరుగుతోందో కాలేజీ గేటు దగ్గర నిలబడి పిల్లల్ని అడిగితే తెలుస్తుంది. రోజూ బస్సు చార్జీ పెట్టుకుని, మధ్యాహ్నం భోజనం కొనుక్కుని, పైసా రాని చోట ఆర్నెల్లు తిరగడం రైతు కూలీ ఇంటి పిల్లకు సాధ్యమయ్యే పని కాదు. అందుకని కొందరు ఆన్‌లైన్లో కొంత రుసుము కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అయినా నష్టం మాత్రం వాళ్లదే. ఎందుకంటే వ్యాపారం చదివే పిల్లలకు మన తీరం లాంటి బడి మరొకటి దొరకదు.

ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటునే తీసుకుందాం. గుంటలో పట్టుబడి అయిన రొయ్య లారీలో ప్లాంటుకు చేరేసరికే ధర లెక్క మొదలవుతుంది. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 50 కౌంటు అంటే ఒక్కోటి 20 గ్రాములు, 100 కౌంటు అంటే 10 గ్రాములు. కౌంటు అంకె తగ్గేకొద్దీ కిలో ధర పెరుగుతుంది. తూకం దగ్గర ఒక్క కౌంటు తేడా వస్తే రైతు ఎంత కోల్పోతాడో, ఆ సరుకు గ్రేడింగ్‌లో మారితే కంపెనీ ఎంత కోల్పోతుందో పక్కన కూర్చుని రాసుకున్న పిల్లకు ధరల నిర్ణయం గురించిన పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మైనస్ 18 డిగ్రీల శీతల గిడ్డంగిలో ఏ పెట్టె ముందు వచ్చింది, ఏది ముందు పోవాలి అన్న లెక్క ఉంటుంది. యాంటీబయాటిక్ అవశేషాలు లేవని పరీక్షా పత్రం, ఎగుమతి తనిఖీ సంస్థ ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం, షిప్పింగ్ బిల్లు, బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉంటాయి. వీటిలో ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు ఆగిపోవచ్చు. 2025 ఆగస్టులో భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ గుంట గట్టు మీది రేటుదాకా వచ్చింది. వాషింగ్టన్‌లో తీసుకున్న ఒక నిర్ణయం అల్లూరు రైతు చేతికొచ్చే సొమ్మును ఎలా మారుస్తుందో ప్లాంటు కొనుగోలు విభాగంలో ఉన్నవాళ్లు ఆ వారమే చూసి ఉంటారు.

ముత్తుకూరు వైపు పోతే కృష్ణపట్నం ఓడరేవు, దాని చుట్టూ వంటనూనె రిఫైనరీలు, బొగ్గు యార్డులు, కస్టమ్స్ ఏజెంట్ల ఆఫీసులు. ఓడ రేవులో అనుకున్న గడువు దాటి నిలబడితే కట్టాల్సిన డెమరేజీ లెక్క ఒక్కటి సొంతంగా వేసి చూస్తే చాలు, కాలానికి వెల ఉంటుందన్న మాట ఒంటబడుతుంది.

ఇప్పుడు డబ్బు మాట. 1961 నాటి అప్రెంటిసుల చట్టం మొదట్లో ఐటీఐ వాళ్ల కోసం, ఆ తర్వాత ఇంజనీరింగు వాళ్ల కోసం అన్నట్టు ఉండేది. 2014 సవరణతో బీకాం, బీబీఏ లాంటి ఇతర డిగ్రీల వాళ్లకూ తలుపు తెరుచుకుంది. 2019లో సవరించిన నియమాల ప్రకారం, కాంట్రాక్టు కార్మికులతో కలిపి 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన బలగంలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నాలుగు వందల మంది పనిచేసే ప్లాంటులో అది కనీసం పది మంది. డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు 9,000 రూపాయలకు తగ్గకుండా స్టైపెండ్ ఇవ్వాలని ఆ నియమాలే చెప్పాయి. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ రేట్లను 36 శాతం పెంచమని సిఫార్సు చేసింది కాబట్టి, చేరేముందు ఆనాటికి అమల్లో ఉన్న అంకెను ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో చూసుకోవడం మంచిది.

కంపెనీకి ఇది మోయలేని భారమా? జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం, మనవాళ్లు నాట్స్ అంటున్నది, డిగ్రీ వాళ్ల కనీస స్టైపెండ్‌లో సగం భరిస్తుంది. 9,000 లెక్కన చూస్తే 4,500 కేంద్రానిది, 4,500 కంపెనీది. అంటే కంపెనీకి రోజుకు నూటయాభై రూపాయలు. దక్షిణాది రాష్ట్రాలకు ఈ పథకం వ్యవహారాలు చూసే బోర్డు చెన్నైలోనే ఉంది.

చదువు మధ్యలో ఉన్న పిల్లలకు ఇది ఎలా దక్కుతుందన్న సందేహం రావచ్చు. దానికీ దారి ఉంది. అప్రెంటిస్‌షిప్‌ను డిగ్రీలోనే కలిపేసేలా యూజీసీ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పనికాలం కనీసం ఒక సెమిస్టర్. మన రాష్ట్రం పెట్టిన పెద్ద ఇంటర్న్‌షిప్ కూడా సరిగ్గా ఒక సెమిస్టరే. నన్ను ఈ విషయం రాయమని కూర్చోబెట్టింది ఈ పొందికే. కాలం రాష్ట్రం ఇచ్చింది, స్టైపెండ్ కేంద్ర చట్టంలో ఉంది, కంపెనీలు మన ఇంటి ముందే ఉన్నాయి. లేనిదల్లా ఈ మూడింటినీ కలుపుతూ విశ్వవిద్యాలయం, కాలేజీ, కంపెనీ కలిసి చేసుకోవాల్సిన ఒప్పందం. కోర్సును ఆ పద్ధతిలోకి మార్చి, పిల్లల పేర్లు పోర్టల్లో నమోదు చేస్తేనే స్టైపెండ్ హక్కవుతుంది. లేకపోతే అదే పిల్ల, అదే కుర్చీ, అదే పని, కానీ ఖాతాలో సున్నా.

చదువును, జీతమున్న పనిని జడలా అల్లడం కొత్త ఆలోచన కాదు. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజనీరింగు ఆచార్యుడు దీన్ని మొదలుపెట్టాడు. పిల్లలు కొన్నాళ్లు తరగతిలో, కొన్నాళ్లు స్థానిక కర్మాగారాల్లో గడిపేవారు. కర్మాగారంలో ఉన్నన్నాళ్లు జీతం వచ్చేది. 1957లో మొదలైన కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం దీనితోనే పేరు తెచ్చుకుంది.

జీతం గురించి ఇంత పట్టు ఎందుకంటే, అది బస్సు చార్జీ కోసం మాత్రమే కాదు. ఊరికే వచ్చిన పిల్లను కంపెనీ మూల కుర్చీలో కూర్చోబెట్టి ఫైళ్లు సర్దిస్తుంది, లేదా రిజిస్టర్లో సంతకాలు పెట్టించి పంపేస్తుంది. నెలనెలా తాము డబ్బు ఇస్తున్న పిల్లకు పని నేర్పకపోతే నష్టం తనదేనని మేనేజరుకు తెలుస్తుంది. కంపెనీల వైపు కష్టమూ నిజమే. రెండు నెలలకని వచ్చిన పిల్ల పని నేర్చుకునేలోపే వెళ్లిపోతుంది, నేర్పిన సీనియర్ సమయం వృథా అవుతుంది. అందుకే ఆరు నెలల కాలాన్ని వదులుకోకూడదంటాను.

చట్టం ఇవ్వనివీ చెప్పాలి. అప్రెంటిస్ కార్మికుడి కిందకు రాడు, శిక్షణలో ఉన్నవాడు. కాలం ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. కానీ పనిలో గాయపడితే పరిహారం యజమాని బాధ్యతేనని చట్టంలో ఉంది. తడి నేలల మీద, అమ్మోనియా గొట్టాల పక్కన నడవాల్సిన ప్లాంట్లలో అది చిన్న విషయం కాదు. ఉత్త ఇంటర్న్‌షిప్ లెటరు మీద చేరిన పిల్లకు ఆ రక్షణ ఉందో లేదో ఎవరూ చెప్పరు. ఆడపిల్లలను పంపేవాళ్లు షిఫ్టు వేళలు, తిరుగు ప్రయాణానికి వాహనం ఉందా అన్నవి కూడా ఒప్పందంలోనే రాయించుకోవాలి.

2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంతో దీన్ని కలపకూడదు. అది 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు, పెద్ద కంపెనీల్లో ఏడాది పాటు, నెలకు 5,000 రూపాయలతో నడిచేలా మొదలైంది. అప్పటి నిబంధనల ప్రకారం పూర్తికాల చదువులో ఉన్నవాళ్లు, ఎంబీఏ చేసినవాళ్లు దానికి అర్హులు కారు. బీకాం అయిపోయి ఇంట్లో ఉన్న అక్క కోసం పెట్టింది అది, చివరి ఏడాది చదువుతున్న చెల్లెలి కోసం కాదు.

ఆరో సెమిస్టర్‌లో పనికి పంపే కాలేజీ, ఒప్పందాల పని ఆ ముందు వేసవి సెలవులు అయిపోగానే మొదలుపెట్టాలి. తల్లిదండ్రులు కాలేజీకి వెళ్లి ప్లేస్‌మెంట్ చూసే లెక్చరర్‌ను అప్పుడే అడగాలి: మా పాప చేరేది ఇంటర్న్‌షిప్ లెటరు మీదా, పోర్టల్లో నమోదైన అప్రెంటిస్‌షిప్ ఒప్పందం మీదా?