ఫరో కుమార్తె ఇచ్చిన జీతము

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, సంగారెడ్డి ప్రాంతములలో పగటి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరిన మీకును, రాత్రి షిఫ్టుకు బయలుదేరుచున్న మీకును ప్రభువు పేరట శుభములు.

ఈనాడు మనము దత్తత గురించి ఆలోచించుదము. పరాయి దేశమునుండి బిడ్డను తెచ్చుకొని పెంచుకొన్న తలిదండ్రులు, ఆ బిడ్డ పుట్టిన దేశమునకు తిరిగి ఏమి ఇవ్వగలరు? ఇదే మన ధ్యానాంశము. "అది విదేశీయుల సంగతి కదా అయ్యగారూ, మనకెందుకు?" అని మీరు అడుగవచ్చును. మన తండాలనుండియు, మన పల్లెలనుండియు పసిబిడ్డలు విమానమెక్కి వెళ్లినారు. ఇప్పుడు మన తెలుగువారే అమెరికాలో స్థిరపడి, ఇక్కడి బిడ్డలను దత్తత తీసికొనుచున్నారు. గనుక ఇది మన సంగతియే.

మొదట నిర్గమకాండము రెండవ అధ్యాయము చూడండి. ఫరో కుమార్తె నదిలో జమ్ముపెట్టెను చూచినది. ఏడ్చుచున్న పిల్లవానిని చూచి కనికరపడినది. వాడు హెబ్రీయుల బిడ్డ అని ఆమెకు తెలుసు. అప్పుడు వాని అక్క పరుగెత్తి వచ్చి, పాలిచ్చుటకు ఒక స్త్రీని పిలుచుకొని వచ్చినది. ఆ స్త్రీ ఎవరు? కన్నతల్లియే! ఫరో కుమార్తె ఆమెకు బిడ్డను అప్పగించి, జీతమిచ్చి పెంచుమన్నది. ఆమె కన్నతల్లి అని రాజకుమార్తెకు తెలిసినదో లేదో లేఖనము చెప్పలేదు. అయితే జరిగినది గమనించండి. పెంచిన తల్లి సొమ్ము కన్నతల్లి ఇంటికి చేరినది. ఆ సొమ్మువలన బిడ్డ కొంతకాలము తల్లి ఒడిలోనే పెరిగినాడు. ఈ మాటను మనస్సులో ఉంచుకొనండి.

ఇప్పుడు మన కాలమునకు వద్దాము. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రములో హ్యారీ హోల్ట్, బెర్తా హోల్ట్ అను దంపతులుండిరి. వ్యవసాయము చేసికొనే విశ్వాసులు. వారికి ఆరుగురు సొంత పిల్లలు. కొరియా యుద్ధములో దిక్కులేనివారైన పిల్లలను గూర్చిన చిత్రమును 1954లో చూచి వారి హృదయము కరిగినది. 1955లో అమెరికా కాంగ్రెసు వారికొరకు ప్రత్యేక చట్టము చేయగా, ఎనిమిదిమంది కొరియా పిల్లలను తెచ్చుకొనిరి.

అంతటితో "మా పిల్లలు మాకు దొరికినారు" అని కూర్చుండలేదు. హ్యారీ తిరిగి కొరియాకు వెళ్లి, ఇల్సాన్ అను చోట పిల్లలకొరకు ఆశ్రయము కట్టినాడు. అవిటితనమువలన ఎవరును తీసికొనని పిల్లలు అక్కడ పెరిగిరి. ఆయన 1964లో కొరియాలోనే మరణించగా ఇల్సాన్‌లోనే సమాధి చేసిరి. బెర్తమ్మగారు 2000లో 96 ఏండ్ల వయస్సులో ప్రభువు నొద్దకు చేరగా ఆమెను కూడా అక్కడనే ఉంచిరి. నర్సు చదివిన వారి కుమార్తె మాలీ 1956లో ఆ దేశమునకు వెళ్లి, 2019లో మరణించువరకు తన జీవితములో ఎక్కువ భాగము అక్కడి పిల్లలకే ధారపోసినది. బిడ్డ పుట్టిన దేశమునకు తిరిగి ఇచ్చుట అనగా ఇంత దూరము వెళ్లవచ్చును.

కాని ప్రియులారా, కథ అంతటితో ముగిసినదని చెప్పితే నేను అబద్ధికుడనగుదును. ఆ దంపతులు తెరచిన దారిలో అనేక సంస్థలు బయలుదేరినవి. కొన్ని దశాబ్దములలో దాదాపు రెండు లక్షలమంది కొరియా పిల్లలు విదేశములకు వెళ్లిరి. తలిదండ్రులున్న పిల్లలను కూడా అనాథలని కాగితములలో వ్రాసి పంపినారని 2025 మార్చిలో దక్షిణ కొరియా ప్రభుత్వ సత్యశోధన సంఘమే తేల్చినది. మంచి మనస్సుతో మొదలైన పనిలోనికి ఇది ఎట్లు ప్రవేశించినది? ఒక్కొక్క బిడ్డ పేరట డబ్బు చేతులు మారినప్పుడు, ఆ డబ్బు బిడ్డకు వెల అగును. వెల ఉన్నచోట వెదకి తెచ్చే దళారులు పుట్టుదురు.

ఇది మన ఇంట కూడా జరిగినది. 1999లోను, 2001లోను నల్లగొండ జిల్లా లంబాడీ తండాల ఆడపిల్లల అమ్మకము బయటపడినప్పుడు రాష్ట్రమంతా తలదించుకొన్నది. తల్లుల చేతికి వచ్చినది కొద్ది రూపాయలు. విదేశీ తలిదండ్రులు చెల్లించినది వేల డాలర్లు. అందులో అనేకులు అది పుణ్యకార్యమని, ఆశ్రమమునకు విరాళమని నమ్మి ఇచ్చినవారే. ఆ తల్లులు బిడ్డలను ఎందుకు ఇచ్చిరి? ప్రేమలేకనా? కాదు. కరవు, అప్పు, మూడవ ఆడపిల్ల, నాలుగవ ఆడపిల్ల. పూర్వము లంబాడీలలో మగపెండ్లివారే ఓలి ఇచ్చేవారు. అది పోయి కట్నము వచ్చి, ఆడపిల్ల బరువైనది. బీదతనము చేతను, ఆడపిల్ల యను కారణము చేతను బిడ్డను వదులుకొనుట చెల్లదని 2001లో రాష్ట్ర ప్రభుత్వము ఉత్తర్వులిచ్చినది.

గనుక తిరిగి ఇచ్చువారు ఎక్కడ ఇవ్వవలెను? ఖాళీ అయిన ఊయలలో మరియొక బిడ్డను నింపే చోట కాదు. ఊయల ఖాళీ కాకుండ కాపాడే చోట ఇవ్వవలెను. ప్రసవ వైద్యము, ఆడపిల్లల చదువు, పనికి పోయే తల్లుల పిల్లలను చూచుకొనే కేంద్రము, ఒంటరి తల్లికి కుట్టుమిషను. ఇవే ఫరో కుమార్తె ఇచ్చిన జీతము వంటివి.

మీ బంధువులలో ఎవరైనా విదేశములోనుండి దత్తత కోరినయెడల ఈ మాటలు చెప్పండి. దత్తత ప్రభుత్వ సంస్థయైన కారా ద్వారానే జరుగవలెను. 2015 బాలల న్యాయ చట్టము ప్రకారము బిడ్డను కొనినను అమ్మినను ఐదేండ్లవరకు కఠిన శిక్ష ఉన్నది. బిడ్డను అప్పగించిన తల్లికి మనస్సు మార్చుకొనుటకు రెండు నెలల గడువు ఉన్నది. కానుక ఇవ్వదలచినవారు కన్నతల్లిని వెదకుచు ఊరిలో విచారించకూడదు. ఆమె గుట్టు ఆమెదే. తన మూలములను తెలిసికొను హక్కు పెరిగిన బిడ్డకు ఉన్నది, అది కూడా చట్టము చూపిన మార్గములోనే.

మరి పటాన్‌చెరులో ఉన్న మనము? ఒడిశానుండి, బీహారునుండి పొట్ట చేతపట్టుకొని వచ్చిన కుటుంబములు మన సందులలో ఒక్క గదిలో కాపురముంటున్నవి. 2025 జూన్ 30న పాశమైలారములోని ఒక కర్మాగారములో పేలుడు జరిగి నలభైమందికి పైగా కార్మికులు చనిపోయిరి. అటువంటి దినమున ఒక స్త్రీ విధవరాలగును, చంకలో బిడ్డ ఉండును, ఊరికి పోవుటకు ఛార్జీలు ఉండవు. ఆ తల్లి గుమ్మము నొద్దకు దళారి ముందు వచ్చునా, సంఘము ముందు వచ్చునా?

ఈ వారము మీ వీధిలో అటువంటి తల్లి ఎవరో కనుగొనండి. బియ్యము పట్టుకొని వెళ్లండి. ఆమె పనికి పోయిన గంటలలో బిడ్డను చూడండి. బిడ్డకు ఆపద కలిగితే 1098కి ఫోను చేయండి. పెంచలేనని ఆమె ఏడ్చితే, ఎవరి చేతికో ఇవ్వనియ్యక, సంగారెడ్డి జిల్లా బాలల పరిరక్షణ అధికారుల నొద్దకు తోడు వెళ్లండి.

మోషే పెద్దవాడైన తరువాత తన జనుల నొద్దకు వెళ్లి వారి భారములను చూచినాడు. పెంపుడు బిడ్డలు ఒకనాడు తిరిగి వచ్చి చూతురు. ఆ దినమున మన ప్రాంతపు తల్లులకు మనమేమి చేసితిమో వారు అడుగుదురు.

ప్రార్థించుకొందము. పరలోకమందున్న మా తండ్రీ, బిడ్డను విడిచిన తల్లిని, బిడ్డను పెంచుచున్న తల్లిని నీ చేతికి అప్పగించుచున్నాము. మా వీధిలోని ఊయలను కాపాడుటకు మాకు మనస్సు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.