క్రొత్త యిల్లు – పాత యిరుగుపొరుగు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత నెరుగని యిల్లాలు తెలుగునాట లేదు. ప్రభుత్వము కట్టించి యిచ్చిన యింటికి కాపురము మార్చుటయు నంత సులభమైన పని కాదు. ఆ సంగతినే సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

పేదలకు గట్టి యిల్లు వలయుననుటలో మాకు సందేహము లేదు. 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను ముంచివేసెను. కృష్ణ కీవలనున్న రేపల్లె, బాపట్ల తీరములును మిక్కిలి నష్టపడెను. వేలకొలది జనులు మరణించిరి. ఆ గాలికి పూరిగుడిసెలు నిలువలేదు. ఆ పిమ్మటనే తీరగ్రామములందు పక్కా యిండ్లును, తుపాను రక్షణ భవనములును వెలసినవి.

పట్టణములందలి చిక్కు వేరు. పనిపాటలకు దగ్గరగా నుండవలెనని పేదలు కాలువగట్ల మీదను, రైలుకట్టల ప్రక్కను గుడిసెలు వేసికొందురు. 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రధానమంత్రి ఆవాస్ యోజనను ప్రారంభించెను. దాని క్రింద టిడ్కో యను రాష్ట్ర సంస్థ తెనాలి చినరావూరులో నేలయంతస్తుపై మూడంతస్తుల మేడలు నిర్మించినది. ఈ సంస్థ కట్టు ఇండ్లు 300, 365, 430 చదరపు అడుగులని మూడు తరగతులు. ఇంటి హక్కు స్త్రీ పేరనో, దంపతుల యుమ్మడి పేరనో యుండవలెనని ఆ పథకపు నియమము. తన పేర నిల్లున్న స్త్రీని "బయటికి నడువు" మనుటకు మగనికి నోరాడదు. ఇది సామాన్యమైన మేలు కాదు.

అయినను గోడలతోనే కాపురము సాగునా? రెండవ ప్రపంచయుద్ధానంతరము లండనులోని బెత్నల్ గ్రీన్ పేటనుండి అనేక కుటుంబములను ఊరి వెలుపలి క్రొత్త యిండ్లకు తరలించిరి. మైకేల్ యంగ్, పీటర్ విల్‌మట్ అను నిరువురు పండితులు వారి స్థితిని పరిశీలించి 1957లో గ్రంథము ప్రకటించిరి. ఇండ్లు మేలైనవే, కాని ప్రతిదినమును తల్లిని చూచు కూతురికి ఆ రాకపోకలు తగ్గి, యిల్లాండ్రు ఒంటరులైరని వారు తెలిపిరి.

మన స్త్రీలకును ఈ బాధ తప్పదు. నాలుగిండ్లలో పాచిపని చేయునామె బిడ్డను పొరుగింటి అవ్వకు విడిచి పోవును. ఇల్లు దూరమైనచో అవ్వ యుండదు. కూలిలో కొంత ఆటోకే చెల్లును. నిండుచూలాలును, మోకాళ్ల నొప్పుల ముసలమ్మయు పై యంతస్తు మెట్లెట్లెక్కుదురు? వడియములు పెట్టుటకును, మేకను కట్టుటకును వాకిలి యెక్కడ?

కావున ఇంటి తాళము పుచ్చుకొనుటకు ముందే నీళ్లు, మురుగుకాలువ, బడి, బండి వసతి గూర్చి విచారింపవలెను. లాటరీచే ఇండ్లు పంచునపుడు ఒక వాడవారు చెల్లాచెదరగుదురు. వారి నొక్కచోటనే యుంచుడని స్త్రీలందరు కలసి అధికారులను కోరవలెను. అక్షరములు నేర్చిన సోదరీమణులు వారికై ఆ యర్జీ వ్రాసి పెట్టిన నంతకన్న పుణ్యమేమున్నది?