తుప్పు, ప్రాణవాయువు, పిండము

విశాఖపట్టణమున సముద్రపుగాలి సోకిన ఇనుపకమ్మీ కొలది దినములలోనే ఎఱ్ఱబారును. ఓడరేవులోని క్రేన్లకు, గొలుసులకు మరల మరల రంగు పూయుట ఇందువలననే. ఇనుము తేమతోడను, ఆమ్లజనితోడను కలిసి తుప్పగును. ఉక్కు నగరమున బాలురెల్లరు ఎఱిగిన ఈ ఆక్సీకరణమును పోలిన చర్య జీవకణములందును జరుగుచున్నది. సంతానోత్పత్తికిని దీనికిని గల సంబంధము తెలిసికొనదగినది.

కణములోని మైటోకాండ్రియాలు ఆహారమునుండి శక్తిని తీయునపుడు, ఆమ్లజనిలో కొద్దిభాగము పూర్తిగా నీరుగా మారక, సూపరాక్సైడు, హైడ్రోజన్ పెరాక్సైడు వంటి చురుకైన పదార్థములగును. ఇవి కణపు పొరలోని క్రొవ్వులను, మాంసకృత్తులను, డి.ఎన్.ఏ.ను దెబ్బతీయగలవు. వీనిని అణచుటకు కెటలేజ్ వంటి ఎంజైములును, సి, ఇ విటమినులును కలవు. దాడి హెచ్చి రక్షణ చాలని స్థితియే ‘ఆక్సీకరణ ఒత్తిడి’.

శుక్రకణము దీనికి సులభముగా లొంగును. దాని పొరలో త్వరగా ఆక్సీకరణము చెందు క్రొవ్వులు మెండు; జీవద్రవ్యము స్వల్పమగుటచే రక్షక ఎంజైములు తక్కువ. ఆమ్లజని హెచ్చుగా నున్నచోట శుక్రకణములు చలనము కోల్పోవుననియు, కెటలేజ్ చేర్చిన నిలుపుకొనుననియు 1943లో అమెరికాలో జాన్ మెక్లౌడ్ చూపెను. శుక్రకణపు డి.ఎన్.ఏ. లోపములను అండము కొంతవరకు సరిదిద్దగలదు; స్త్రీకి వయసు మీరినకొలది ఆ శక్తి సన్నగిల్లును. సరిపడని లోపములతో ఏర్పడిన పిండము కొన్ని విభజనలతోనే ఆగిపోవచ్చును. అట్లని ఈ పదార్థములు కేవలము శత్రువులు కావు. శుక్రకణము ఫలదీకరణమునకు సిద్ధమగుటకు ఇవి కొద్దిగా కావలయును.

గాజుపాత్రలో ఫలదీకరణము చేయుటచే 1978 జూలై 25న ఇంగ్లండులోను, అక్టోబరు 3న డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన కలకత్తాలోను శిశువులు జన్మించిరి. అయితే గాలిలో ఆమ్లజని 21 శాతము. తల్లి బీజవాహికలోను, గర్భాశయములోను సుమారు 2 నుండి 8 శాతము మాత్రమే. తల్లి గర్భమున తక్కువ ఆమ్లజనికి అలవడవలసిన పిండమునకు బయటి గాలి మితిమీరినదే. కావున నత్రజనిని చేర్చి, ఇంక్యుబేటరులో ఆమ్లజనిని 5 శాతమునకు తగ్గించు పద్ధతి వచ్చినది. దీనివలన సజీవ జననములు పెరుగునని 2012లో వెలువడిన ఒక పరిశోధనల సమీక్ష తేల్చినది.

వృషణములకు శరీరముకంటె 2 నుండి 4 డిగ్రీలు తక్కువ వేడిమి కావలయును. వేడి హెచ్చిన ఆక్సీకరణ ఒత్తిడి పెరిగి శుక్రకణములు తగ్గును. కొలుముల యొద్ద చిరకాలము పనిచేయువారు దీనిని గుర్తింపవలెను. పొగాకు పొగయు ఇట్టిదే. ఉత్తరాంధ్ర తీరమున కొందఱు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచి త్రాగు ‘అడ్డపొగ’ అంగిటి క్యాన్సరుకు కారణమని చాలకాలముగా తెలిసినదే. పొగాకు అండములకును హాని చేయును.

మఱి యాంటీ ఆక్సిడెంటు మాత్రలు మ్రింగిన చాలునా? 2020లో అమెరికాలో ప్రకటింపబడిన పరీక్షలో, వానిని వాడిన పురుషుల శుక్రకణములు మెరుగుపడలేదు. భార్యలు గర్భవతులగుటయు హెచ్చలేదు. కావున వైద్యుని సలహా లేక వీనిపై ధనము వెచ్చించుట వ్యర్థము. సంతానములేమికి సుమారు సగము సందర్భములలో పురుషుని లోపమును ఒక కారణము. స్త్రీని మాత్రమే గొడ్రాలని నిందించుట అన్యాయమే కాక, అశాస్త్రీయము కూడ. మొదటి పరీక్ష దంపతులిరువురికిని జరుగవలెను.