మెమరీని ఊడ్చేదెప్పుడు?

కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు 1950ల మధ్యలో బ్రిటన్ నుంచి హెచ్.ఇ.సి.-2ఎం అనే యంత్రం వచ్చింది. మన దేశంలో అడుగుపెట్టిన తొలి డిజిటల్ కంప్యూటర్ అదే. గిర్రున తిరిగే అయస్కాంత డ్రమ్మే దాని మెమరీ. అందులో ఉన్న గదులు 1024 మాత్రమే! ఏ అంకె ఏ గదిలో ఉందో, ఆ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో ప్రోగ్రామ్ రాసేవారే గుర్తుంచుకోవలసి వచ్చేది.

నేడు అదే నగరంలో, సాల్ట్ లేక్ ఐదో సెక్టార్‌లో తయారయ్యే ప్రోగ్రాములు కోట్లాది గదులను వాడుకుంటాయి. ఆ లెక్క మనిషి వల్ల అయ్యేది కాదు. దానిని యంత్రానికే అప్పగించే పద్ధతిని జాన్ మెకార్తీ లిస్ప్ భాష కోసం రూపొందించి 1960లో ప్రచురించారు. అదే 'గార్బేజ్ కలెక్షన్'. 1995లో వచ్చిన జావాతో ఇది విస్తృత వాడుకలోకి వచ్చింది.

విచిత్రమేమంటే, ఇది చెత్తను వెతకదు, పనికొచ్చేవాటిని వెతుకుతుంది. ప్రోగ్రామ్ వాడుతున్న సమాచారం నుంచి బయలుదేరి, దారి ఉన్న ప్రతి గదికీ గుర్తు పెడుతుంది. గుర్తు పడనివన్నీ చెత్త కిందే లెక్క. నగరపు చెత్త లారీల్లో ధాపాకు పోతుంది. ఇక్కడ మాత్రం ఏదీ ఎక్కడికీ పోదు. ఆ చోటును మళ్లీ వాడుకుంటారు, అంతే.

చిక్కంతా సమయంతోనే. ఊడ్చేటప్పుడు ప్రోగ్రామ్‌ను కొంతసేపు ఆపాలి. శ్యాంబజార్ ఐదు దారుల కూడలిని శుభ్రం చేయడానికి ట్రాఫిక్ అంతా నిలిపివేసినట్లన్నమాట. రైలు టికెట్ కోసం తొందరపడేవారికి రెండు సెకన్లయినా ఎక్కువే. జావాలో 2017 నుంచి సాధారణంగా అమలయ్యే జి-1 పద్ధతి, చాలా పనిని ప్రోగ్రామ్ నడుస్తుండగానే చేస్తూ, ఆపే సమయం 200 మిల్లీసెకన్లు దాటకూడదని లక్ష్యం పెట్టుకుంటుంది. ఇది లక్ష్యమే, హామీ కాదు. ఆ అంకెను మరీ తగ్గిస్తే ఒక్కోసారి ఊడ్చేది తగ్గి, మాటిమాటికీ ఊడ్చవలసి వస్తుంది.

అందుకే, ఏదైనా మార్చబోయే ముందు లాగ్ చదవాలి. ఊడ్చిన ప్రతిసారీ అందులో ఒక నమోదు ఉంటుంది: 900 మెగాబైట్లు 300కు తగ్గాయి, పట్టిన కాలం 40 మిల్లీసెకన్లు, ఇలాగ. మెమరీ మొత్తాన్ని ఊడ్చాక మిగిలినవి 300, 310, 295 అనుకుందాం. ఆరోగ్యంగా ఉన్నట్లే. అయినా క్షణక్షణమూ ఊడ్చవలసి వస్తుంటే మెమరీ చాలడం లేదు, పెంచితే సరిపోతుంది. అదే 300, 420, 560 అంటూ పెరుగుతూ పోతే? అప్పుడు మెమరీ పెంచడం ప్రమాదాన్ని వాయిదా వేయడమే. పని లేని సమాచారాన్ని ప్రోగ్రామే ఎక్కడో పట్టుకుని కూర్చుంది. మెమరీ మొత్తానికి ఒక నకలు తీసి, దేనిని ఏది పట్టుకుందో వెనక్కి వెతకాలి. తరచుగా దొరికే దొంగ, చేర్చడమే తప్ప తీసివేయడం లేని ఏదో ఒక జాబితా.