మా ఏరు సముద్రాన్ని చేరే చోట

గుమ్మఘట్ట ప్రాంతపు చదువరులకు వేదవతి ఏటిని గూర్చి మేము చెప్పనక్కర లేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుకే. 2022లో ఎగువన కర్ణాటకలోని వాణీవిలాస సాగరం 1933 తరువాత మొదటిసారి పొర్లినప్పుడు మాత్రం ఏరు నిండుగా పారింది. గట్టున జనమంతా తిరునాళ్లకు వచ్చినట్లు నిలుచున్నారు. మా సండేస్కూలు పిల్లవాడొకడు, "ఈ నీళ్లు యాడికి పోతాయి అయ్యగారూ?" అని అడిగాడు. సముద్రానికి అన్నాము. "సముద్రంలో యాడికి?" అన్నాడు. ఇంటికి వచ్చి పటం విప్పవలసి వచ్చింది.

వేదవతినే మనము హగరి అని కూడా అంటాము. అది బళ్లారి సీమలో తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర ఆలంపురం దాటి కృష్ణలో కలుస్తుంది. కృష్ణ శ్రీశైలం, నాగార్జునసాగర్, విజయవాడ దాటి, పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి, దివిసీమకు ఇరుప్రక్కలా సముద్రంలోనికి పోతుంది. నాగాయలంక వైపు పాయ చివర ఒక దీపస్తంభం ఉన్నదని తెలిసింది. గత జనవరిలో పిల్లలు, పెద్దలు కలిసి పద్నాలుగు మందిమి గుంతకల్లులో రైలెక్కాము. డెబ్బది దాటిన ఒక అవ్వ కూడా, "సముద్రం సూడకుండా పోతానేమో" అని బయలుదేరినది.

నాగాయలంక నుండి పడవలో వెళ్లాలి. ఇదంతా 1989లో ఏర్పడిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం గనుక అటవీశాఖవారి అనుమతి తీసుకొన్నాము. పడవ సాగేకొలది ఇండ్లు తగ్గిపోయి ఇరువైపులా మడ అడవులు మొదలైనవి. బండలు, తుమ్మచెట్లు, వేరుశనగ చేలు ఎరిగిన మా కండ్లకు ఆ పచ్చదనం నమ్మశక్యం కాలేదు. మడచెట్ల వేళ్లు బురదలోనుండి మేకులవలె పైకి పొడుచుకొని వస్తాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వాటితో ఊపిరి పీల్చుకొంటుంది. మన చెట్టు నీటికొరకు వేరును లోతుకు పంపితే, అక్కడి చెట్టు గాలికొరకు వేరును పైకి పంపుతున్నది! ఒడ్డున బురదలో గెంతే చిన్న చేపలను చూచి పిల్లలు కేకలు వేశారు. తిల్ల చెట్టు కొమ్మను పట్టుకోబోయిన వాడిని పడవాయన గద్దించాడు. దాని పాలు కంటిలో పడితే చూపుకే ముప్పట. చేపలు పట్టి తినే బావురుపిల్లి ఈ అడవిలోనే ఉన్నది గాని మాకు కనబడలేదు. ఆ కాలంలోనే సముద్రపు తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టుటకు ఈ తీరానికి వస్తాయి.

దీపస్తంభం దూరంనుండే కనబడింది. మేము పైకి ఎక్కలేదు. క్రింద నిలుచుండి మెడలు నొప్పి పుట్టేదాకా చూచాము. అక్కడే ఒక చిన్న ప్రసంగం చేయమని మాలో ఒకరు అడిగారు. ఈ రోజు చూడడమే పని అన్నాము. ఒడ్డున నిలుచున్న మనిషికి సముద్రం మీద సుమారు అయిదు కిలోమీటర్లే కనబడుతుంది. ముప్పది మీటర్ల ఎత్తునుండి అయితే ఇరవై కిలోమీటర్ల వరకు కనబడుతుంది. దీపాన్ని అంత ఎత్తున పెట్టడం అందుకే. దాని చుట్టూ అమర్చే గాజు పలకలు వెలుగును చెదరనీయక ఒక దిక్కుకు మళ్లిస్తాయి. ఇది ఫ్రాన్సు దేశస్థుడు ఫ్రెనెల్ 1820ల్లో కనిపెట్టిన పద్ధతి. ఒక్కొక్క స్తంభం వెలిగి ఆరే లెక్క ఒక్కొక్కటి. ఆ లెక్కను బట్టి నావికుడు తానెక్కడ ఉన్నదీ తెలుసుకొంటాడు.

అయితే ఆ వెలుగు ఓడలవారికే. 1977 నవంబరు 19న ఉప్పెన ఈ దివిసీమ మీద పడినప్పుడు పది వేలమందికి పైగా చనిపోయారు. పడవాయన తండ్రి తాటిచెట్టును పట్టుకొని బ్రతికాడట. దారిలో తుపాను ఆశ్రయ భవనాలు చూచాము. నీరు రాక మేము, నీరు వచ్చి వీరు. ఆ మాట మాలో ఎవరన్నారో గుర్తులేదు, కాసేపు ఎవరమూ మాటాడలేదు.

అవ్వ మాత్రం దోసిలితో నీళ్లు తీసికొని నోట పోసికొని ఉమ్మివేసింది. "ఇన్ని నీళ్లుండీ తాగేకి లేవా!" అన్నది. పడవాయన నవ్వలేదు. తమ లంకలో బోరు వేసినా ఉప్పునీరేనని, త్రాగే నీటిని బిందెలతో, క్యానులతో తెచ్చుకొంటామని చెప్పాడు. పైనుండి మంచినీరు తగ్గితే సముద్రపు ఉప్పు ఏటిలోనికి ఎగబ్రాకుతుందట.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. వెనుక దీపం వెలగనారంభించినది. "మన కొండమీది గాలిమరల ఎర్రదీపం లెక్కన ఉంది" అన్నాడు ఆ పిల్లవాడు. పిల్లలు ఒకటి, రెండు అని సెకండ్లు లెక్కపెట్టి, ఏ ఇద్దరి లెక్కా కుదరక పోట్లాడుకొన్నారు.

రేవులో దిగేటప్పుడు పడవాయన మా చేయి పట్టుకొని, "మీ వైపు ఈ ఏడు వానలు బాగా పడ్డాయాండి?" అని అడిగాడు. అంత దూరాన మా వానను గూర్చి అడిగినవారు అంతకు ముందు ఎవరూ లేరు.