డిక్కీల ఏమున్నదో సూస్కున్నవా తమ్మీ?

మొన్న మా బస్తీల పిలగాండ్లు ఫోన్ల స్పోర్ట్స్ కార్ల వీడియోలు సూస్తున్నరు. అండ్ల ఒకడు నన్ను అడిగిండు: "అన్నా, గా కారు డిక్కీల ఒక సూట్‌కేసు సుతం పట్టేటట్టు లేదు. తొవ్వల ఆగిపోతే సామాను ఎక్కడికెల్లి తీస్తరు?" మంచిగనే అడిగిండు. బరువు తక్కువుంటేనే గా బండికి ఉరుకు. అందుకే గా కార్లు నడిపెటోళ్లు ఏ పాన మోయాలె, ఏది ఇంట్ల పెట్టి రావాలె అని కిలో కిలో లెక్క జూస్కుంటరు.

గని గీ లెక్క మనకు సుతం కావాలె. 1989ల వచ్చిన మాజ్దా మియాటా తేలిక స్పోర్ట్స్ కారు అంటే ప్రపంచమంత చెప్పుకునే బండి. దాని బరువు దగ్గర దగ్గర 950 కిలోలు. 1983ల మన దేశంల రోడ్డెక్కిన మారుతి 800 బరువు 650 కిలోల సుట్టే. ఉరుకుడుల రెండిటికీ పోలిక లేదు. గని చిన్న డిక్కీ, సన్న రేకు, తక్కువ జాగ – ఇవి రెండిటికీ ఉన్నయి. మన ఊర్లల్ల పిలగాండ్లు కొనే సెకండ్‌హ్యాండ్ 800, ఆల్టో అన్నీ ఈ జాతివే.

నాకు గీ సంగతి ఒక రాత్రి తెలిసొచ్చింది. ఆసిఫాబాద్‌ల సుట్టాల పెండ్లి జూస్కొని అవ్వను ఎంబడేస్కొని బెల్లంపల్లికి వస్తున్న. రెబ్బెన దాటినంక వెనుక టైరు పంచరు. డిక్కీల జాకి ఉన్నది, స్టెప్నీ ఉన్నది, పాన ఉన్నది. అన్నీ ఉన్నయని ధీమాగ దిగిన. పాన పెట్టి తిప్పితే నట్టు కదలదు. అంతకుముందు టైర్లు మార్పిచ్చిన కాడ గాలి గన్నుతోని కొట్టి బిగించిండ్రు. కంపెనీ ఇచ్చిన పాన జానెడు పొడుగు. ఒక చేతుల ఫోన్ లైటు, ఒక చేతుల పాన. అవ్వ కార్లనే కూసున్నది. ఎన్కకెల్లి వచ్చిన లారీ ఆఖరుకు మమ్ముల సూసి పక్కకు కోసుకపోయింది. గా గాలికి కారు ఊగింది. ఆ లారీ డ్రైవర్ కొంచెం ముంగట ఆపి, పెద్ద పాన తెచ్చి నట్లు ఊడదీసిండు. తీరా జూస్తే స్టెప్నీల గాలి సగమే ఉన్నది.

ఇంటికొచ్చినంక బాపుకు చెప్పిన. ఆయన సింగరేణిల ఫిట్టర్ పని జేసి రిటైర్ అయిండు. తిట్టలేదు. "బాయిల దిగేటోడు ల్యాంప్ రూంల లైటు తీస్కోకుండ దిగుతడా?" అని ఒక్కటే మాట అన్నడు. ఆనాడు ఫిల్లర్లు తట్టా చెమ్మస్ పట్టుకొని దిగినా, ఫిట్టర్లు పానల సంచి పట్టుకొని దిగినా, అందరికీ టోపీకి లైటు ఉండాల్సిందే. చేతులు రెండూ ఖాళీగ ఉంటేనే పని అయితది. ఆ మాటతోనే నా సంచి మొదలువెట్టిన.

మొదలు పానం, తర్వాత బండి

అన్నిటికన్న ముందు నెత్తికి కట్టుకునే లైటు. రెండు, మూడు వందలల్ల దొరుకుతది. ఫోన్ లైటును నమ్ముకుంటే ఒక చెయ్యి పోయినట్టే, ఫోన్ చార్జింగ్ సుతం పోయినట్టే. ఇగ రెండోది ఎర్ర త్రికోణం బోర్డు. కొత్త కారుతోని వస్తది, సెకండ్‌హ్యాండ్ల మాయమైతది. ఇది కారు ఎన్క ఆనుకొని పెడితే లాభం లేదు. కనీసం 50 మీటర్ల దూరంల పెట్టాలె, హైవే మీద ఇంకా దూరం. లోడు లారీకి బ్రేకు కొట్టినంక ఆగెటందుకు జాగ కావాలె గద. మూడోది మెరిసే జాకెటు. మడత పెడితే చేతి రుమాలంత.

ఇంకో మాట. బండి ఆగితే లోపల ఎవ్వరినీ కూసోవెట్టకుండ్రి. నేను అవ్వను కూసోవెట్టి తప్పు జేసిన. అందరినీ దింపి రోడ్డుకు దూరంగ నిలబెట్టాలె. జాతీయ రహదారి మీద ఆగితే 1033కు, దెబ్బలు తగిలితే 108కి, ఏ ఆపదకైనా 112కి ఫోన్ జెయ్యచ్చు.

చక్రం కాడ ఏం గావాలె

తొవ్వల ఆగుడుకు మస్తుసార్లు టైరే కారణం. కంపెనీ పొట్టి పాన పక్కకు పెట్టి, పొడుగు పిడి ఉన్న పాన కొనుక్కోండ్రి. పిడి ఎంత పొడుగుంటే నట్టు మీద అంత జోరు పడుతది. నట్లను చక్రం భూమి మీద ఉన్నప్పుడే కొంచెం వదులు జెయ్యాలె, తర్వాతనే జాకి ఎత్తాలె. చక్రం గాలిల ఉన్నంక గుంజితే బండి జాకి మీదికెల్లి జారుతది. బిగించేటప్పుడు ఎదురెదురు నట్లను మార్చి మార్చి బిగించాలె.

తేలిక కారుకు అడుగు రేకు సన్నగుంటది. ఎక్కడ పడితే అక్కడ జాకి పెడితే రేకు లోపలికి పోతది. జాకి పెట్టే జాగ కారు అంచు కింద గుర్తువెట్టి ఉంటది. మెత్తటి మన్నుల జాకి దిగవడకుంట కింద పెట్టెటందుకు అడుగు పొడుగు చెక్కముక్క ఒకటి ఉంచుకోండ్రి. ఎంత జాకి ఉన్నా బండి కిందికి మాత్రం దూరొద్దు.

ట్యూబ్‌లెస్ టైరైతే పంచరు పట్టీల కిట్టు, కారు సాకెట్‌కు పెట్టే చిన్న గాలి పంపు కొనుక్కోండ్రి. రెండూ కలిపి రెండు కిలోలు దాటయి. మొల దిగిన కాడ పట్టీ దూర్చి, గాలి కొట్టుకొని దగ్గరి దుకాణం దాకా పోవచ్చు. టైరు పక్క గోడ తెగితే మాత్రం పట్టీ పనిజెయ్యది, స్టెప్నీనే దిక్కు. 2020ల కేంద్రం నిబంధన మార్చింది: చిన్న బండ్లకు ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చెప్పే సెన్సర్లు, పంచరు కిట్టు ఉంటే స్టెప్నీ లేకున్నా నడుస్తది. అందుకే కొన్ని కొత్త కార్లల్ల స్టెప్నీనే రాదు. కొనేటప్పుడే డిక్కీ మూత లేపి జూడుండ్రి.

ఇంజిన్ కాడ చిన్న సామాను

ఇక్కడ పెద్ద పెట్టె అక్కరలేదు. 10, 12, 14 నంబర్ పానలు, రెండు మూతుల స్క్రూడ్రైవర్, కట్టింగ్ ప్లేయర్, బండికి సరిపోయే ఫ్యూజులు నాలుగు, ఇన్సులేషన్ టేపు, మూరెడు బైండింగ్ వైరు, ప్లాస్టిక్ టై పట్టీలు. బ్యాటరీ కొన వదులైతే 10 నంబర్ పానతోనే మస్తు బండ్లు మళ్ల లేస్తయి. పాత 800, ఆల్టోలకు క్లచ్ కేబులుతోని నడుస్తది. ఒక కొత్త కేబులు సుట్టి పెట్టుకుంటే పెద్ద బరువేం ఉండది, తెగిన నాడు ఏ మెకానిక్ అయినా ఎక్కిస్తడు.

జంపర్ కేబుళ్లు ఉంటే పక్క బండి బ్యాటరీతోని లేపచ్చు. ఎర్ర తీగ మొదలు ప్లస్‌కు ప్లస్. నల్ల తీగ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఆగిన బండి ఇంజిన్ ఇనుముకు. రెండు లీటర్ల నీళ్లు సుతం ఉంచుండ్రి, మన ఎండలకు తాగెటందుకు కూడ పనికొస్తయి. గని ఇంజిన్ సలసల కాగుతున్నప్పుడు రేడియేటర్ మూత ముట్టొద్దు. మొఖం కాలిపోతది. చల్లారెదాక ఆగుడే.

మోసుడు కన్నా తెలుసుడు

ఇదంత ఒక్క గుడ్డ సంచిల పడుతది. జాకి, స్టెప్నీ తీసేస్తే ఏడెనిమిది కిలోలు. దాన్ని డిక్కీల కదలకుంట కట్టెయ్యాలె. సీటు కింద పెడితే బ్రేకు పెడల్ కిందికి దొర్లి వస్తది, పానాలే పోతయి. గట్టిగ బ్రేకు కొడితే ఇడిసిపెట్టిన జాకి బండరాయి లెక్క ముంగటికి వస్తది.

సంచి కొన్నంత మాత్రాన అయిపోలేదు. ఐతారం పొద్దున ఇంటి ముంగట, ఎలుగుల, ఒక్కసారి చక్రం ఊడదీసి మళ్ల ఎక్కియ్యండ్రి. నట్టు కదులుతదా, జాకి లేస్తదా, స్టెప్నీల గాలి ఉన్నదా అన్నీ గప్పుడే తెలుస్తయి. స్పీకర్లకు, స్టిక్కర్లకు పదివేలు పెడుతున్నరు. గండ్ల మూడు వేలు గీ సంచికి పెట్టుండ్రి. మీ ఎన్క సీట్ల మీ అవ్వ కూసుంటది గావట్టి చెప్తున్న.