మట్టి గోడల మందిరం

సీనాయి కొండ దగ్గర పది ఆజ్ఞలిచ్చిన వెంటనే దేవుడు తన ప్రజలకు ఒక బలిపీఠం గురించి చెప్పాడు. ఐగుప్తులో తరతరాలుగా ఇటుకలు చేసి ఫరోకు పట్టణాలు కట్టిన జనం వారు. బ్రహ్మాండమైన కట్టడాలను కళ్లారా చూసినవారు. కాని దేవుడు వారిని అడిగింది మాత్రం మంటి బలిపీఠం. రాళ్లతో కట్టదలిస్తే చెక్కిన రాళ్లు వద్దన్నాడు, పనిముట్టు తగిలితే అది అపవిత్రమవుతుందన్నాడు (నిర్గమ 20:24,25). మంటితోనే మనిషిని చేసిన దేవుడు మంటి బలిపీఠం అడగడంలో వింతేముంది? మన గొప్పతనాన్ని తన సన్నిధిలో ప్రదర్శించవద్దన్నదే అందులోని హెచ్చరిక.

ఈ మాటను ఈ కాలంలో అక్షరాలా పాటించిన ఒక చిన్న మందిరం జర్మనీ రాజధాని బెర్లిన్‌లో ఉంది. బెర్నావర్ వీధిలో పచ్చిక పరచుకున్న స్మారక స్థలం మధ్య, కోడిగుడ్డు ఆకారంలో నిలిచిన ఆ ప్రార్థనాలయం పేరే ‘సమాధాన మందిరం’. దాని గోడలు సిమెంటువి కావు, రాతివీ కావు. దిమ్మిస కొట్టిన పచ్చి మట్టివి.

అక్కడ ఒకప్పుడు అదే పేరుతో ఒక పెద్ద చర్చి ఉండేది. 1894లో ప్రతిష్ఠించిన ఆ ఎర్ర ఇటుకల దేవాలయం గోపురం ఆ పేటంతటికీ కనిపించేది. 1961 ఆగస్టు 13న తూర్పు జర్మనీ ప్రభుత్వం బెర్లిన్ నగరాన్ని రెండుగా చీల్చినప్పుడు సరిహద్దు సరిగ్గా ఆ చర్చి వాకిట్లో పడింది. చర్చి తూర్పున, విశ్వాసుల్లో అత్యధికులు పడమటన మిగిలిపోయారు. ఆ ఏడాదిలోనే గుడి తలుపులు మూతపడ్డాయి. ముందూ వెనుకా గోడలు లేచి, నడుమ సైనికులు పహరా కాసే ‘మరణపు పట్టీ’లో చర్చి ఒంటరిగా నిలిచింది. సమాధానమనే పేరు పెట్టుకున్న ఆలయం ఆ చీలికకే సాక్షి అయింది. చివరికి సరిహద్దు భద్రతకు అడ్డమంటూ 1985 జనవరిలో ప్రభుత్వం దాన్ని పేల్చివేసింది. 22న మందిరం, 28న గోపురం నేలకూలాయి. పడమటి వైపున్న దాని కాపరి మాన్‌ఫ్రెడ్ ఫిషర్, ఆయన సంఘం చూస్తుండగానే అదంతా జరిగింది.

మరో ఐదేళ్లు తిరగకుండానే, 1989 నవంబరు 9న బెర్లిన్ గోడే తెరుచుకుంది. తర్వాత సంఘానికి తన స్థలం తిరిగి దక్కింది. అక్కడ ఏం కట్టాలి? పాత చర్చినే మళ్లీ కట్టి ఏమీ జరగనట్టు ఉండాలా? లేక సరికొత్త కట్టడంతో పాతదాన్ని మరిచిపోవాలా? రుడాల్ఫ్ రైటర్‌మన్, పీటర్ సాసెన్‌రోత్ అనే వాస్తుశిల్పులు మొదట కాంక్రీటుతో నమూనా తయారుచేశారు. సంఘస్తులు ఒప్పుకోలేదు. ఇరవై ఎనిమిదేళ్లు తమను విడదీసింది కాంక్రీటు గోడే. అదే కాంక్రీటు నడుమ మోకరించి సమాధానం గురించి ఎలా ప్రార్థించగలం అన్నది వారి బాధ. అలా మట్టి, కలప వచ్చాయి.

మట్టి పనిలో ఆరితేరిన ఆస్ట్రియా దేశస్తుడు మార్టిన్ రౌఖ్ ఆ గోడను కట్టించాడు. పద్ధతి మన పెద్దలకు కొత్తది కాదు. చెక్క అచ్చు నిలబెట్టి, కొద్దిపాటి తేమ ఉన్న మట్టిని పొరలు పొరలుగా పోసి, ఒక్కో పొరనూ గట్టిపడేదాకా దిమ్మిస కొట్టడమే. సుమారు 390 టన్నుల మట్టి పట్టింది. గోడ మందం 60 సెంటీమీటర్లు, ఎత్తు 7.2 మీటర్లు. అనేక దేశాల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు ఆ పనిలో చేతులు కలిపారు. ఒకప్పుడు తుపాకీ గురిపెట్టి మనుషుల్ని ఆపిన నేల మీద రకరకాల భాషలవాళ్లు కలిసి మట్టి మోశారు.

అన్నిటికన్నా కదిలించే సంగతి మరొకటుంది. పేల్చివేసిన చర్చి ఇటుకల ముక్కలను, రాళ్లను ఏరి పొడిచేసి ఆ మట్టిలోనే కలిపారు. గోడను దగ్గరగా చూస్తే ఆ ఎర్రటి పెంకులు నేటికీ కనిపిస్తాయి. పగిలినదాన్ని పారేయలేదు, దాచిపెట్టనూ లేదు. కొత్త గోడకు బలంగా చేశారు. శిథిలాల పాలు కాకుండా మిగిలిన పాత చెక్క బలిపీఠపు శిల్పాన్ని, దాని గాయాలతోనే, మట్టి గోడలోని గూట్లో నిలిపారు. పాత గంటలు మూడూ ఆరుబయట కొయ్య చట్రానికి వేలాడుతున్నాయి. గోపురంతో పాటు కిందపడి వంగిపోయిన శిలువ కూడా అక్కడే ఉంది.

మట్టి గోడకు నీరు శత్రువు. అందుకే దాని చుట్టూ కొంచెం ఎడంగా సన్నటి చెక్క పట్టెలతో మరో వలయం కట్టారు. వాటి సందుల్లోంచి వెలుగు, గాలి లోపలికొస్తాయి. చెక్క వలయాన్ని దాటి మట్టి గోడల లోపలికి అడుగుపెడితే పైకప్పు నుంచి దిగే కాస్త వెలుగు, కొన్ని కుర్చీలు, బలిపీఠం తప్ప చూడ్డానికేమీ ఉండదు. నగరం రొద వెనకబడుతుంది. మౌనంగా కూర్చోక తప్పదు.

2000 నవంబరు 9న, గోడ తెరుచుకున్న రోజునే ఈ మందిరాన్ని ప్రతిష్ఠించారు. బెర్లిన్ గోడ దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు కోల్పోయారు. 2005 ఆగస్టులో మొదలైన మధ్యాహ్న ప్రార్థనల్లో వారిలో ఒక్కొక్కరి జీవితాన్నీ చదివి జ్ఞాపకం చేసుకోవడం ఆనవాయితీ అయింది. మందిరం పక్కనే, ఆ పాత మరణపు పట్టీలోనే, రై అనే ధాన్యం పండిస్తున్నారు. నెత్తురు చిందిన నేల నుంచి రొట్టె వస్తోంది. గోధుమగింజ భూమిలో పడి చావాలన్న ప్రభువు మాటకు (యోహాను 12:24) ఇంతకన్నా వ్యాఖ్యానం కావాలా?

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. గోడ పడిపోయాక జనమంతా దాన్ని పూర్తిగా తుడిచేద్దామంటే, తన చర్చిని కూల్చడం చూసిన ఫిషర్ పాస్టరే ఆ గోడలో కొంత భాగాన్ని కాపాడాలని పోరాడాడు. సమాధానపడటమంటే మరిచిపోవడం కాదని ఆయనకు తెలుసు. దేవుడు మన పాపాన్ని లేనట్టు నటించి క్షమించలేదు. దాన్ని శిలువ మీద బట్టబయలు చేసి, దాని వెల చెల్లించి క్షమించాడు. పునరుత్థానుడైన ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు మిగిలాయి, తోమా వాటిని చూశాడు. క్రీస్తు మధ్య గోడను పడగొట్టి ఇరువురినీ ఏకం చేశాడని పౌలు రాశాడు (ఎఫెసీ 2:14). ఆ గోడ పడటానికి ఆయన శరీరమే నలిగింది.

మరి మన సంగతేమిటి? మన మట్టి మిద్దెల చోట పాలరాతి మందిరాలు లేస్తున్నాయి. సంతోషమే. కాని ఒకే ఊళ్లో ఒకే ప్రభువును ఆరాధిస్తూ కులం పేరిట వేర్వేరు గుడులకు వెళ్లేవారున్నారు, చనిపోయాక సమాధుల దొడ్డిలో కూడా ఎడం పాటించేవారున్నారు. ఆస్తి తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటున్నారు. ఈ గోడలకు కాంక్రీటు అక్కర్లేదు. మన మౌనమే వాటిని నిలబెడుతుంది.

బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు యేసుప్రభువు (మత్తయి 5:23,24). వచ్చే ఆదివారం గుడికి బయలుదేరేముందు మీకు ఎవరి గడప గుర్తొస్తే ముందు ఆ గడప తొక్కండి. పాత గాయం దాచనక్కర్లేదు, దాన్ని గురించే మాట్లాడండి. ఆ పగిలిన పెంకులను కూడా దేవుడు తన మట్టిలో కలుపుకుంటాడు.